దీవెన వద్దన్న ముద్ర

మంగళవారం ఉదయం పది దాటాక సలోమి ఆ రోజు ఆరో ఫిర్యాదు తెరిచింది. "ఈ వీడియోలో ఉన్నావిడకు ఇది తెలిసినట్టు లేదు, చూడండి" అని ఎవరో రాశారు.

కాకినాడ జగన్నాథపురంలో, వాళ్ల మేడ మీది గదిలో, సలోమి ఆరేళ్లుగా గోరింట అనే సర్వరు నడుపుతోంది. అది అల్లికలో ఒక భాగం. అల్లికకు యజమాని లేడు. ముప్పై ఒక్క వేల మంది ఎవరి సర్వరు వాళ్లు నడుపుకుంటారు; ఒక్కో సర్వరునూ ముడి అంటారు. ఒక ముడిలో పెట్టిన బొమ్మ మిగతా ముడులకు పాకుతుంది. దేన్ని ఉంచాలో, దేన్ని తీసెయ్యాలో ఎవరి ముడిలో వాళ్లదే నిర్ణయం. పిల్లల పాఠాలు, ఫోను మాటలు, పెళ్లి వీడియోలు, అన్నీ ఇప్పుడు అల్లిక మీదే నడుస్తున్నాయి. గోరింటలో పెద్దవాళ్లకు మాత్రమే అని ఒక విభాగం కూడా ఉంది. బొమ్మలో ఉన్నవాళ్లు ఒప్పుకున్నట్టు కాగితం ఉంటేనే అక్కడ చోటు. అది లేదని ఫిర్యాదు వస్తే చూసి తీసేసే పని సలోమిది.

ఇలాంటి వాటిని ఆమె రంగు తీసేసి, శబ్దం ఆపేసి, తపాలా బిళ్లంత చేసుకుని చూస్తుంది. అలా చూస్తేనే మధ్యాహ్నం అన్నం సయిస్తుంది.

తపాలా బిళ్లలో ఒక స్త్రీ గడ్డం దగ్గర్నుంచి ఒడి వరకు కనిపిస్తోంది. ఒంటి మీద బట్టలు లేవు. చేతులు మాట్లాడుతున్నాయి. సైగల భాష. పన్నెండో సెకనులో కుడిచేతి చూపుడువేలు పైకి లేచి గడ్డం మీద రెండుసార్లు నొక్కింది.

సలోమి కుర్చీలో వెనక్కి జరిగింది. ఆమె తమ్ముడు ప్రభుదాసుకు గడ్డం మీద సొట్ట ఉంది. అతని భార్య దీవెన సైగల్లో అతన్ని పిలిచే పేరు అది. దీవెనకు పుట్టుకతోనే వినపడదు.

మీట నొక్కింది. గోరింటలోంచి వీడియో పోయింది. అప్పటికే ఎన్ని ముడుల్లో ఉందో చూసింది. నాలుగు వందల పన్నెండు.

కింద ముందుగదిలో దీవెన పాఠం చెబుతోంది. ఆరు జిల్లాల్లో ఉన్న పద్నాలుగు మంది చెవిటి పిల్లలకు రోజూ పది గంటలకు తెరమీద సైగల భాష నేర్పుతుంది. సలోమి మెట్ల మీద కూర్చుని పాఠం అయ్యేదాకా ఆగింది. ఆ రోజు పాఠం కూరగాయలు. బెండకాయ జిగురు ఎలా సాగుతుందో దీవెన చేతుల్తో చూపిస్తుంటే, పద్నాలుగు చిన్న చిన్న చదరాల్లో పిల్లలు నవ్వుతున్నారు.

పాఠం అయ్యాక సలోమి ఎదురుగా కూర్చుని సైగల్లోనే చెప్పింది. దీవెన మొదట అడిగింది ఒకటే.

"నా మాటలు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి."

దీవెన రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

ప్రభుదాసు ఓడలో ఎలక్ట్రీషియను. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. మొన్న ఏదో రేవులో ఫోను బాగుచేయించుకున్నాడట. భార్య అతనికొక్కడికే పంపిన వీడియో అక్కడే జారిపోయి ఉండాలి. ఆ మధ్యాహ్నం తెరమీద అతను మనిషి మనిషిలా లేడు.

"అక్కా, ఎలాగోలా తీయించెయ్యవే. నీ చేతిలో పనే కదా అది. నేనిక్కడ నడిసముద్రంలో ఉండిపోయేను. నాకేం దారుంది?"

"నా చేతిలో ఉన్నది నా ముడి ఒక్కటేరా."

"మిగతావాళ్లకి చెప్పు. కాళ్లు పట్టుకో."

ఆ పనే చేసింది సలోమి. మంగళ, బుధ రెండు రోజులూ ముడులు నడిపేవాళ్లకు ఒక్కొక్కరికీ రాస్తూ కూర్చుంది. మూడొందల మంది వెంటనే తీసేశారు. ఓ పెద్దాయన క్షమాపణ కూడా చెప్పాడు. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకడు "ముఖం లేదు కదా, ఈమే అని రుజువేంటి? ఫొటో పంపండి" అని రాశాడు. ఈలోగా ఎవరో వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టారు, మరొకరు అంచులు కత్తిరించారు. దాంతో బొమ్మను పోల్చి పట్టుకునే పాత పద్ధతి పనిచేయలేదు. బుధవారం సాయంత్రానికి రెండు వేల వంద ముడుల్లో ఉంది.

తీసేసినవాళ్లలో అందరికంటే ముందున్నది స్వరూప. కరీంనగర్ మనిషి. ఆమె నడిపే ముడిలో ఉన్నవన్నీ పెద్దవాళ్ల వీడియోలే. ఒకప్పుడు తనూ వాటిలో కనిపించింది. ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో, ఎప్పుడు వద్దనుకున్నారో ఆమె దగ్గరున్నంత పక్కాగా అల్లికలో మరెవరి దగ్గరా ఉండదు. సలోమీ ఆమే కలిసి ఏడాదిగా ఒక ప్రయోగం చేస్తున్నారు. దాని పేరు రూపముద్ర.

రూపముద్ర బొమ్మను గుర్తుపెట్టుకోదు, ఒంటిని గుర్తుపెట్టుకుంటుంది. భుజానికీ మోచేతికీ మధ్య కొలత, నడుము తిరిగే తీరు, మెడ వంగే తీరు, ఇలాంటివి ఎనిమిది వందలు. ముఖం కప్పినా, రంగు మార్చినా, బొమ్మను తలకిందులు చేసినా ఆ ఒళ్లు ఎవరిదో పట్టేస్తుంది. ముద్ర పడిన ఒళ్లున్న చోట బూడిదరంగు మచ్చ మిగులుతుంది.

పోయిన నెలలో స్వరూప తన ఒంటి మీదే చూసుకుంది. కెమెరా ముందు ఇరవై అడుగులు నడిచి, చెయ్యెత్తి, "ఒప్పుకుంటున్న" అని చెప్పింది. బయటి ప్రపంచంతో సంబంధం లేని పది ముడుల్లో ఆ ముద్రను వదిలారు. పది నిమిషాల్లో ఆమె పాత వీడియోలన్నీ బూడిదైపోయాయి. స్వరూప చప్పట్లు కొట్టింది. తర్వాత చెల్లెలి పెళ్లి ఫొటో తెరిచింది. మూడో వరుసలో, వెనక్కి తిరిగి నిలబడిన చోట, మచ్చ. చనిపోయిన తల్లి పక్కన కూర్చున్న చోటా మచ్చే.

"అమ్మ ఒక్కతే కూసున్నట్టుంది" అంది స్వరూప.

ఆ రోజే ఇద్దరూ రెండు సంగతులు తేల్చుకున్నారు. ముద్రను వెనక్కి తీసుకునే ఆజ్ఞ ఉండకూడదు, ఉంటే దొంగ కూడా దాన్నే వాడతాడు. ఎదురుగా నిలబడి ఒప్పుకున్న మనిషికి తప్ప వేరెవరికీ ముద్ర వేయకూడదు. ముద్రను చదివే భాగాన్ని అన్ని ముడులకూ పంపారు, దాదాపు అందరూ పెట్టుకున్నారు. ముద్ర వేసే భాగాన్ని మాత్రం తమ దగ్గరే ఆపుకున్నారు.

"గిది బయటికి పోతే మొట్టమొదలు ఎవలు వాడతరో తెల్సా?" అంది స్వరూప. "బిడ్డ మాట వింటలేదని తండ్రి. పెండ్లాం మీద అనుమానమున్న మొగడు. మా దగ్గర పనిచేసే ఆడోళ్లంటే గిట్టనోళ్లు. మనిషినే లేకుంట చేస్తరు."

అందుకే ఆగారు. బుధవారం సాయంత్రం మాత్రం సలోమి కిందికి దిగి ముద్ర సంగతంతా దీవెనకు చెప్పింది. దాచకుండానే చెప్పింది.

దీవెన చివరిదాకా చూసింది. "నా పాఠాలు?"

"అవీ పోతాయి. నువ్వున్నవన్నీ పోతాయి."

"ఆయనతో మాట్లాడేది?"

సలోమి ఏదో దారి ఉన్నట్టు ముందుకు వంగింది. "మణికట్టు దాకా వదిలెయ్యొచ్చు. చేతులు కనిపిస్తాయి."

దీవెన తల అడ్డంగా ఊపింది. చూడు అన్నట్టు ఒక సైగ రెండుసార్లు చేసింది. చేతులు రెండుసార్లూ ఒకేలా కదిలాయి. మొదటిసారి ముఖం మామూలుగా ఉంది. రెండోసారి కనుబొమలు పైకి లేచాయి. మొదటిది "అన్నం తిన్నావు." రెండోది "అన్నం తిన్నావా?"

"ముఖం లేకపోతే నేను ఎవర్నీ ఏమీ అడగలేను వదినా. వాళ్లు నా ఒళ్లు చూశారు. చూడనీ. నా నోరు నేనే కుట్టేసుకోను. వద్దు."

"ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించే చెప్పాను. వద్దు."

గురువారం పొద్దున పాఠానికి పద్నాలుగు మందిలో పదకొండు మందే వచ్చారు. రాని ముగ్గురి తల్లిదండ్రులూ ఒకే రకమైన సందేశం పంపారు, పిల్లలకు ఒంట్లో బాగాలేదని. దీవెన పదకొండు మందికీ పాఠం చెప్పింది. అయ్యాక వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

మధ్యాహ్నం రెండున్నరకు సలోమికి ఇంకో ఫిర్యాదు వచ్చింది. అదే వీడియో. ఈసారి కింద తెలుగు అక్షరాలు నడుస్తున్నాయి. సైగల భాష తెలిసినవాళ్లెవరో దీవెన చేతులు భర్తతో ఏమంటున్నాయో మాటకు మాట రాసి పెట్టారు. రెండు ముక్కలు చదివి సలోమి తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడిది రెండు వేల ఆరు వందల ముడుల్లో ఉంది. సైగలు రానివాళ్లు కూడా చదువుకోవచ్చు.

ప్రభుదాసు ఫోను చేశాడు. అతనూ చదివాడు.

"అది నాతో చెప్పుకున్న మాట అక్కా. నాకొక్కడికే చెప్పుకుంది. నీ దగ్గర ఏదో ఉందన్నావ్ కదా. వేసెయ్యవే."

"వద్దందిరా."

"దానికి తెలీదు. రేపు రోడ్డు మీదికెలా వెళ్తది? వేసెయ్."

ఆ తర్వాత సలోమి చేసిన దానికి తమ్ముడి మాట ఒక్కటే కారణం కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. రెండు రోజులుగా ముక్కూమొహం తెలియనివాళ్లను బతిమాలి బతిమాలి చేతులు పడిపోయాయి. చేతికందే దూరంలో మందు పెట్టుకుని మనిషిని అలా వదిలేయడం ఆమెవల్ల కాలేదు.

మనిషి ఎదురుగా ఉంటేనే ముద్ర పడాలన్న నిబంధనను రాసింది ఆమే. దాన్ని దాటే దారీ ఆమెకే తెలుసు. దీవెన పాఠాలు గోరింటలో నాలుగు వందల ముప్పై ఉన్నాయి. వాటిలో దీవెన నడిచింది, వంగింది, చెయ్యెత్తింది. "ఒప్పుకుంటున్నాను" అనే మాట కూడా ఒక పాఠంలో ఉంది, పిల్లలకు నేర్పినప్పటిది. సలోమి వాటిని యంత్రానికి చూపించింది. యంత్రం ఒప్పుకుంది.

ఆ ముద్ర అన్ని ముడుల్లోనూ పడాలంటే, వేసే భాగాన్ని కూడా అల్లికలోకి వదలాలి. వదిలింది. స్వరూపకు చెప్పలేదు.

అంకె కదలడం మొదలైంది. రెండు వేల ఆరు వందలు. పందొమ్మిది వందలు. శుక్రవారం పొద్దున లేచేసరికి ఎనిమిది వందలు, కాఫీ తాగేసరికి రెండొందల పది. పదింటికి నలభై. సలోమి మూడు రోజుల తర్వాత తల దువ్వుకుంది. ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ మెట్లు దిగింది.

ముందుగదిలో పాఠం మొదలైంది. దీవెన తెర ముందు నిలబడి చేతులు కదుపుతోంది. చదరాల్లో పిల్లలెవరూ ఆమె వైపు చూడటం లేదు. ఒక పిల్ల తన తెరను తట్టి చూస్తోంది. ఇంకో పిల్ల లేచి వెళ్లి తల్లిని పిలుచుకొచ్చింది. పిఠాపురం నుంచి వచ్చే పిల్ల కెమెరాకు మరీ దగ్గరగా వచ్చి, చిన్న చేతుల్తో అడిగింది.

"టీచర్ ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నాను" అంది దీవెన చేతులతో.

ఆ పిల్ల మళ్లీ అడిగింది. "టీచర్ ఎక్కడ?"

అప్పుడు దీవెన తెర మూలలో తన చదరం చూసుకుంది. కుర్చీ ఉంది, కిటికీ ఉంది, కిటికీ ముందు బూడిదరంగు మచ్చ ఉంది. చెయ్యి పైకెత్తింది. మచ్చ అంచు కొద్దిగా కదిలింది.

ఆమె తిరిగి సలోమిని చూసింది. సలోమి చేతులు వీడియో పోయిందని చెప్పబోయాయి. సగంలో ఆగిపోయాయి.

దీవెన పిల్లలు చూస్తున్న తెరను ఆపేసింది. సలోమి ఎదురుగా వచ్చి నిలబడి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కో సైగా విడిగా చేసింది.

"వాళ్లు నన్ను అడగలేదు. నువ్వు అడిగావు. నేను వద్దన్నాను."

సలోమి ఏడ్చింది. దీవెన ఏడవలేదు. ఆ ఏడుపు అయ్యేదాకా పక్కన కూర్చోనూ లేదు.

పదకొండు గంటలకు స్వరూప ఫోను చేసింది. అరుస్తుందని సలోమి అనుకుంది. ఆమె గొంతు చల్లగా ఉంది.

"నిన్నటి సంది నూటారు ముద్రలు పడ్డయి సలోమీ. అందుల నలభై మా ముడిల పనిచేసే ఆడోళ్లయి. వాళ్లల్ల ఒక్కతి గూడ అడగలే. పాత వీడియోలు చూపిచ్చి వేసిన్రు. గా దారి ఉంటదని వాళ్లకెట్ల తెల్సింది?"

"మొదటి ముద్ర నాదే. దాన్ని విప్పి చూసి ఉంటారు."

"ఎవలికి వేసినవ్?"

సలోమి చెప్పింది.

"ఆమె ఒప్పుకున్నదా?"

"వద్దంది" అంది సలోమి.

"మల్ల గీళ్లకూ నీకూ ఏం ఫరకున్నది?" అని స్వరూప ఫోను పెట్టేసింది.

దీవెనకు ఫోను మాటలు వినపడవు గాని, సలోమి ముఖం చూస్తూనే ఉంది. ఏమైందో చెప్పమంది. నూట ఆరు మంది సంగతి తెలిశాక మొదటిసారి ఆమె ముఖం మారింది. కాసేపు గదిలో అటూ ఇటూ నడిచింది.

"దీన్ని తీసెయ్యడానికి అసలు దారే లేదా?"

"ఆజ్ఞ లేదు. ముడి నడిపేవాళ్లు ఎవరికి వాళ్లు ఆ ప్రోగ్రామునే పీకిపారేయాలి. ముప్పై ఒక్క వేల మంది. వాళ్లకది నచ్చింది దీవెనా. ఎందుకు తీస్తారు?"

"నిజం తెలిస్తే తీస్తారు. నువ్వేం చేశావో రాయి."

"రాస్తే తీస్తారు, నిజమే. తీస్తే ఆ వీడియో మళ్లీ కనిపిస్తుంది. అక్షరాలతో సహా. అందులో పోయింది ఏదీ లేదు, కప్పి ఉంది అంతే."

"తెలుసు."

"మొత్తం మళ్లీ మొదటికొస్తుంది."

"పాఠాలూ వస్తాయి. ఆ నలభై మందీ వస్తారు." దీవెన కనుబొమలు పైకి లేచాయి. "రాస్తావా?"

సలోమి మేడ మీదికి వెళ్లి రాసింది. అంతా కలిపి పదకొండు వాక్యాలు. దీవెన పక్కనే నిలబడి చదివింది. "మా కుటుంబ శ్రేయస్సు కోరి" అన్న ముక్క దగ్గర వేలు పెట్టింది. సలోమి అది కొట్టేసింది. "ఒక స్త్రీ" అన్నచోట "స్పష్టంగా వద్దన్న ఒక స్త్రీ" అని చేర్పించింది. తన పేరు వద్దంది. కింద సలోమి పేరు, గోరింట పేరు, నిబంధనను ఎలా దాటిందో వివరంగా. మధ్యాహ్నం ఒంటిగంటకు అది అల్లికలోకి వెళ్లింది.

సాయంత్రంలోగా గోరింటలోంచి మూడు వేల మంది వెళ్లిపోయారు. పోతూ పోతూ రాసినవి సలోమి అన్నీ చదివింది. "ఆరేళ్లుగా మా బొమ్మలు నీ చేతిలో పెట్టాం" అని ఒకామె రాసింది.

స్వరూప ఆ ఉత్తరాన్ని తన ముడి ముంగిట్లో పెట్టింది. కింద ఒక్క వాక్యం చేర్చింది. "ఈ యంత్రం చేసిన ఇద్దర్లో నేను ఒకదాన్ని, తీసెయ్యండి." శనివారానికి తొమ్మిది వేల ముడులు రూపముద్రను పీకేశాయి. ఆదివారం సాయంత్రానికి పందొమ్మిది వేలు. మిగతా పన్నెండు వేల మంది తీసేది లేదన్నారు. కొందరికి నిజంగానే అది మేలు చేసిందట, కొందరికి ఆడవాళ్లు కనిపించకుండా పోవడమే బాగుందట. ప్రభుదాసు ఓడకు సర్వరిచ్చే కంపెనీ కూడా తీయలేదు. తెరమీద అతనికి ఇప్పటికీ మచ్చే కనిపిస్తోంది. శనివారం అతను అక్కకు ఒక్క ముక్క రాశాడు. "నేనే కదా వెయ్యమన్నాను." తర్వాత భార్యకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. ఆదివారమంతా ఇద్దరూ రాసుకుంటూనే ఉన్నారు. ఏం రాసుకున్నారో సలోమి అడగలేదు.

సోమవారం ఉదయం దీవెన మేడ మీదికి వచ్చింది. శుక్రవారం తర్వాత ఆ గదిలోకి రావడం అదే మొదలు. సలోమి అప్పుడే ఫిర్యాదుల వరుస తెరిచింది. మొదటి ఫిర్యాదు అదే వీడియో. మళ్లీ పైకి తేలింది. తొమ్మిది వందల ముడుల్లో ఉంది.

సలోమి గబగబా దాన్ని మూసెయ్యబోయింది. దీవెన ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. కోపం ఇంకా పోలేదు. అది ఇప్పట్లో పోతుందని సలోమి అనుకోవడమూ లేదు.

"లే" అంది దీవెన.

సలోమి కుర్చీలోంచి లేచింది. దీవెన కూర్చుని తెరను తనవైపు తిప్పుకుంది.

"ఏది నొక్కాలి?"

సలోమి చూపించింది. తీసెయ్యడానికి ఇది, మిగతా ముడులకు రాయడానికి ఇది. ముందు రంగు తీసేసుకో, చిన్నది చేసుకో, అలా అయితే కష్టం తక్కువ.

"అక్కర్లేదు. నాదే కదా."

మామూలు సైజులోనే, రంగుల్లోనే, అక్షరాలతో సహా మొదట్నుంచి చివరిదాకా చూసింది. ఒకచోట ముఖం చిట్లించి సలోమి వైపు తిరిగింది.

"ఇది తప్పు రాశారు. నేనన్నది ఇది కాదు."

సలోమికి నవ్వాలో వద్దో తెలియలేదు. దీవెన మీట నొక్కింది. తర్వాత రాసే పెట్టె తెరిచి, తొమ్మిది వందల ముడులకూ వెళ్లేలా ఒకటే వాక్యం కొట్టింది. "ఈ వీడియోలో ఉన్నది నేను, నా పేరు దీవెన, ఇది నా భర్తకు పంపింది, తీసెయ్యండి."

"పేరు పెట్టావు" అంది సలోమి.

"రుజువేంటని అడిగాడుగా ఒకడు."

"మరి వాడు మళ్లీ ఫొటో అడిగితే?"

"పాఠం చూసుకోమను. పదింటికి."

గోడ గడియారంలో పదికి ఏడు నిమిషాలుంది. దీవెన లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కిందికి వెళ్లింది. సలోమి కుర్చీ పక్కనే నిలబడి చూసింది. వచ్చిన జవాబులు ఒకటి, రెండు, ఐదు. "తీసేశామమ్మా." "తీసేశాం." ఒకటి మాత్రం బూతు.

కింద తెరమీద పదమూడు చదరాలు వెలిగాయి. తొమ్మిది మందికి టీచర్ కనిపిస్తోంది. మిగతా నలుగురి ఊళ్లలో ముద్ర ఇంకా తీయలేదు. ఆ నలుగురి చదరాలనూ దీవెన పై వరుసలోకి జరుపుకుని, వాళ్ల కోసం పెద్ద పెద్ద అక్షరాలతో పలక మీద రాయడం మొదలుపెట్టింది.